మాత్ర వెనుక మనిషి



బోదకాలు మాత్రలు పంచే రోజులు మనకు కొత్త కాదు. సాయంత్రం వేళ ఆరోగ్య కార్యకర్త గుమ్మం ముందుకు వస్తుంది. ఇంట్లో ఎంతమంది ఉన్నారో, ఎవరి వయసెంతో అడిగి, పెద్దవారికి మూడు, బడి పిల్లలకు రెండు, చిన్నవారికి ఒకటి చొప్పున తెల్లని మాత్రలు చేతిలో పెడుతుంది. "నా ఎదుటే మింగండి" అంటుంది. "అన్నం తిన్నాక వేసుకుంటామమ్మా" అని మనం చెబుతాం. ఆమె వెళ్ళిపోతుంది. ఆ మాత్రలు కిటికీ గూట్లోకో, పటం వెనక్కో చేరతాయి. కొన్నాళ్ళకు చెత్తబుట్టలో పడతాయి.

టెక్కలిలోనైనా, పలాసలోనైనా, ఉద్దానం తీరంలోని ఏ ఊళ్ళోనైనా ఇది మనకు తెలియని సంగతి కాదు. మనం పారవేసిన ఆ మాత్ర వెనుక ఒక తెలుగువాడు ఉన్నాడన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఆయన భీమవరంలో పుట్టి, అమెరికాలో మరణించారు. ఆ మందు ఆయన నడిపిన ప్రయోగశాలలో 1947లో వెలుగుచూసింది. ఆయన పేరు డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు. ప్రాణాలు నిలిపే మందు కనిపెట్టిన శాస్త్రవేత్తకు లోకం ఎలాంటి గౌరవం ఇస్తుంది? మనం ఎలాంటి గౌరవం ఇవ్వాలి? ఈ వారం పాఠంలో ఆయన జీవితం ఆధారంగా ఈ రెండు ప్రశ్నలు ఆలోచిద్దాం.

తప్పిన చదువు, తప్పని పట్టుదల

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. చిన్నతనంలో ఆయనకు చదువు మీద పెద్దగా మనసు లేదు. ఒకసారి ఇల్లు విడిచి పారిపోయారు. కాశీలో యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదించాలన్నది ఆయన ఆలోచన అని జీవిత చరిత్రకారులు చెబుతారు. తల్లి వెంకమ్మ గారు ఆయన్ని వెనక్కి రప్పించి మళ్ళీ బడిలో కూర్చోబెట్టారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో గట్టెక్కారు.

తరువాత మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. అవి స్వాతంత్ర్యోద్యమపు రోజులు. గాంధీజీ పిలుపు విని, శస్త్రచికిత్స గదిలోకి ఖద్దరు దుస్తులతో వెళ్ళేవారు. ఇది ఆంగ్లేయుడైన ఆచార్యుడికి నచ్చలేదు. ఫలితంగా సుబ్బారావు గారికి ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే ఇచ్చారు. అర్హత ఉండి కూడా గౌరవం దక్కకపోవడం అన్నది ఆయన జీవితంలో అప్పుడే మొదలైంది.

ఆ కాలంలోనే ఇంట్లో ఘోరం జరిగింది. స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఆయన సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. ఈ జబ్బు వస్తే తిన్నది ఒంటబట్టదు. విరేచనాలు ఆగవు. మనిషి రక్తహీనుడై ఎండిపోతాడు. సుబ్బారావు గారికీ ఆ జబ్బు సోకింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో ఆయన బ్రతికి బయటపడ్డారు. తరువాత లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. కాని సోదరులను పొట్టన పెట్టుకున్న జబ్బుకు మందు వెతకాలన్న తపన ఆయనను ఊరుకోనివ్వలేదు.

సముద్రాలు దాటి

మామగారి సహాయంతో, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన చేయూతతో 1922లో ఆయన అమెరికా చేరుకున్నారు. భార్య శేషగిరి గారిని స్వదేశంలోనే విడిచి వెళ్ళారు. కొద్ది సంవత్సరాలలో తిరిగి వస్తానన్న మనిషి మళ్ళీ ఈ నేలమీద అడుగుపెట్టలేదు. ఆ ఇల్లాలి ఎదురుచూపు కూడా ఈ కథలో ఒక భాగమేనని మనం మరచిపోరాదు.

బోస్టన్‌లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణదేశాల వైద్యం చదివారు. మద్రాసులో ఇచ్చిన ఎల్.ఎం.ఎస్. అక్కడ వైద్యుడిగా పనిచేయడానికి చాలలేదు. పొట్ట గడవడానికి రాత్రిళ్ళు ఒక ఆసుపత్రిలో రోగుల మలమూత్రపు పాత్రలు కడిగే పనికి కుదిరారు. పగలు చదువు, రాత్రి ఆ పని.

తరువాత సైరస్ ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ పద్ధతికి ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అని పేరు. జీవరసాయన శాస్త్రం చదివే విద్యార్థులు దశాబ్దాల తరబడి దానిని నేర్చుకున్నారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని, ఆ వెంటనే ఎ.టి.పి. అనే పదార్థాన్ని వీరు వెలికితీశారు. మన శరీరంలోని ప్రతి కణం పనిచేయడానికి కావలసిన శక్తి ఈ ఎ.టి.పి. ద్వారానే అందుతుంది. పొలంలో నాగలి పట్టినా, సముద్రంలో వల లాగినా, జీడిపిక్క కొట్టినా ఖర్చయ్యేది అదే.

ఇంత పని చేసినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన పదవి లభించలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ అనే మందుల సంస్థ ప్రయోగశాలకు వెళ్ళి, అక్కడ పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. ఆ తరువాతి 8 సంవత్సరాలలో ఆయన బృందం చేసిన పని లెక్కకట్టలేనిది.

మన ఇంట్లో ఉన్న నాలుగు మందులు

మొదటిది ఫోలిక్ ఆమ్లం. ఇది కాలేయంలోను, ఆకుకూరలలోను ఉండే విటమిన్. బొంబాయిలో గర్భిణీ స్త్రీల రక్తహీనత మీద పరిశోధన చేసిన లూసీ విల్స్ అనే వైద్యురాలు, ఇలాంటి పదార్థం ఒకటి ఉన్నదని 1930 ప్రాంతంలో గుర్తించారు. దానిని ప్రయోగశాలలో తయారుచేసే మార్గాన్ని సుబ్బారావు గారి బృందం 1945లో సాధించింది. నేడు గర్భిణులకు ఇచ్చే ఎర్రని ఐరన్ మాత్రలోను, బడిలో ఆడపిల్లలు, మగపిల్లలు వారానికొకసారి వేసుకునే నీలిరంగు మాత్రలోను ఇనుముతో పాటు ఉండేది ఈ ఫోలిక్ ఆమ్లమే. గర్భం దాల్చక ముందు నుంచే దీనిని తీసుకుంటే బిడ్డ వెన్నుపూసలో వచ్చే పుట్టులోపాలను చాలావరకు నివారించవచ్చునని 1991లో ప్రకటించిన ఒక పెద్ద పరిశోధన నిరూపించింది.

రెండవది మెథోట్రెక్సేట్. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని పనిని అడ్డుకునే మందులను ఈ బృందం తయారుచేసింది. వాటిలో అమినాప్టెరిన్ అనే దానిని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్ ఉన్న పసిపిల్లలకు ఇచ్చారు. 16 మంది పిల్లలలో 10 మందికి జబ్బు తాత్కాలికంగా తగ్గుముఖం పట్టిందని 1948లో ప్రకటించారు. అంతకుముందు ఆ జబ్బుకు పనిచేసే మందే లేదు. ఆ కోవకు చెందిన మెథోట్రెక్సేట్‌ను నేటికీ రక్త క్యాన్సర్‌కు వాడుతున్నారు. కీళ్ళవాతానికి కూడా తక్కువ మోతాదులో, వారానికి ఒక్కరోజు మాత్రమే ఇస్తారు. పొరపాటున ప్రతిరోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. ఇంట్లో ఈ మాత్ర వాడే పెద్దలుంటే ఈ మాట గట్టిగా గుర్తుంచుకోవాలి.

మూడవది టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొట్టమొదటిదైన ఆరియోమైసిన్. పదవీ విరమణ తరువాత లెడర్లీలో చేరిన బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త, మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి దీనిని వెలికితీశారు. ఆయన పనిచేసింది సుబ్బారావు గారు నడిపిన పరిశోధన విభాగంలోనే. 1948లో ఈ మందు లోకానికి తెలిసింది. 1994లో సూరత్‌లో ప్లేగు భయం పుట్టినప్పుడు జనం మందుల దుకాణాల ముందు బారులు తీరింది ఈ కుటుంబపు మందు కోసమే.

నాలుగవది డైఇథైల్ కార్బమజిన్. దీనినే క్లుప్తంగా డి.ఇ.సి. అంటారు. పెద్దవారు "హెట్రజాన్" అన్న పేరుతో దీనిని ఎరుగుదురు. మన గుమ్మం ముందుకు వచ్చే బోదకాలు మాత్ర ఇదే.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆయన సోదరులను బలిగొన్న స్ప్రూ జబ్బుకు వైద్యులు నేడు ఇచ్చే చికిత్స ఏమిటో తెలుసా? ఫోలిక్ ఆమ్లం, దానితోపాటు టెట్రాసైక్లిన్. రెండూ ఆయన విభాగం నుంచి వచ్చినవే. ఏ జబ్బుకు మందు వెతుకుతూ ఇల్లు విడిచారో ఆ జబ్బుకు మందు దొరికింది. సోదరులకు అందలేదు గాని, వారిలాంటి వేలమందికి అందింది.

బోదకాలు మాత్ర ఎలా పనిచేస్తుంది?

బోదకాలు దారం వంటి సన్నని పురుగుల వలన వస్తుంది. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ దీనిని ఒకరి నుంచి మరొకరికి చేరవేస్తుంది. పెద్ద పురుగులు శరీరంలోని శోషరస నాళాలలో నాలుగు నుంచి ఆరేళ్ళ వరకు బ్రతికి, లక్షల కొద్దీ పిల్ల పురుగులను రక్తంలోకి వదులుతాయి. ఈ పిల్ల పురుగులు ఎక్కువగా రాత్రివేళ రక్తంలో తిరుగుతాయి. అందుకే రక్తపరీక్షకు ఆరోగ్య సిబ్బంది రాత్రిపూట వస్తారు. నాళాలు పాడైనకొద్దీ చలిజ్వరం రావడం, గజ్జల్లో బిళ్ళలు కట్టడం, చివరకు కాలు గాని, చేయి గాని, వృషణాలు గాని వాయడం జరుగుతుంది.

శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మన కోస్తా జిల్లాలు ఈ జబ్బుకు పాత నివాసాలు. రెండవ ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్ళిన అమెరికా సైనికులకు కూడా ఇది సోకడంతో అక్కడి శాస్త్రవేత్తల దృష్టి దీనిపై పడింది. సుబ్బారావు గారి బృందం వందలకొద్దీ రసాయనాలను జంతువులలో పరీక్షించి డి.ఇ.సి.ని ఎంపికచేసింది. ఈ మందు రక్తంలోని పిల్ల పురుగులను శరీరమే నాశనం చేసేలా చేస్తుంది.

కాలు వాచిన తరువాత ఈ మాత్ర దానిని తిరిగి మామూలుగా చేయలేదు. మాత్ర వేసుకోవలసింది వాపు రాకముందే, అదీ ఊరంతా కలిసి. ఒంట్లో పురుగులున్నా పైకి ఏమీ తెలియనివారే ఎక్కువ. వారి రక్తం దోమకు, దోమ నుంచి పొరుగింటి బిడ్డకు చేరుతుంది. అందుకే మన దేశంలో 2004 నుంచి జబ్బు ఉన్న జిల్లాలలో ఏడాదికొకసారి అందరికీ ఈ మాత్ర పంచే కార్యక్రమం చేపట్టారు. పెద్ద పురుగు ఆయుష్షు తీరేవరకు, అంటే కనీసం ఐదేళ్ళు, వరుసగా ఊరిలో ఎక్కువమంది మింగితేనే గొలుసు తెగుతుంది. ఒక ఇంటివారు పారవేస్తే నష్టం ఆ ఇంటితో ఆగదు.

ఏ గౌరవం దక్కింది?

ఇన్ని మందులిచ్చిన మనిషికి నోబెల్ బహుమతి రాలేదు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో, నిద్రలోనే గుండె ఆగి మరణించారు. భారతీయులు అమెరికా పౌరులయ్యే వీలు 1946లో కలిగినా ఆయన పౌరసత్వం పొందలేదు. అక్కడ పరదేశిగానే ఉండిపోయారు. మన దేశంలో భారతరత్న, పద్మ పురస్కారాలు 1954లో మొదలయ్యాయి. అప్పటికి ఆయన పోయి ఆరేళ్ళు.

ఆయన పేరు మరుగున పడటానికి ఇతర కారణాలూ ఉన్నాయి. పత్రికలవారికి దూరంగా ఉండటం ఆయన స్వభావం. పేరు తోటివారికి వస్తే సంతోషించేవారు. హార్వర్డ్ రోజులలో ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాల సంగతి ఫిస్కే బయటకు రానివ్వలేదని, ఇతరులు వాటిని ఏళ్ళ తరువాత మళ్ళీ కనిపెట్టవలసి వచ్చిందని 1988లో నోబెల్ బహుమతి పొందిన జార్జి హిచింగ్స్ చెప్పారు.

దక్కిన గౌరవాలు ఆలస్యంగా వచ్చాయి. ఒక శిలీంధ్రానికి ఆయన పేరు మీద సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టారు. శతజయంతి సంవత్సరమైన 1995లో భారత తపాలా శాఖ ఆయన చిత్రంతో బిళ్ళ విడుదల చేసింది.

దీనితో మరో ఇద్దరి సంగతి పోల్చి చూద్దాం. మలేరియా క్రిమి దోమలో పెరుగుతుందని 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో కనుగొన్న రొనాల్డ్ రాస్‌కు ఐదేళ్ళకే, 1902లో, నోబెల్ బహుమతి వచ్చింది. దోమకు ఒక అణా చొప్పున తీసుకొని తన ఒంటిమీద దోమలను కుట్టనిచ్చిన రోగి హుసేన్ ఖాన్ పేరు మాత్రం ఎందరికి తెలుసు? రెండవవారు డాక్టర్ దిలీప్ మహలనబిస్. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో బన్‌గావ్ కాందిశీకుల శిబిరంలో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు అయిపోతే, ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళను డ్రమ్ములలో నింపి, రోగుల బంధువుల చేతనే తాగించారు. సుమారు 30 శాతంగా ఉన్న మరణాలు 4 శాతంలోపుకు దిగాయి. మన ఇళ్ళలో విరేచనాలకు కలిపే ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టుకు అది గొప్ప నిరూపణ. ఆయన 2022 అక్టోబరులో మరణించారు. పద్మవిభూషణ్ ప్రకటన 2023 జనవరిలో వచ్చింది.

కాబట్టి బిరుదు వచ్చిందా లేదా అన్నది మేలుకు కొలత కాదు. కొందరికి వెంటనే వస్తుంది, కొందరికి పోయాక వస్తుంది, కొందరికి అసలే రాదు. స్వస్థత పొందిన పదిమంది కుష్ఠరోగులలో తిరిగి వచ్చి కృతజ్ఞత చెప్పినవాడు ఒక్కడేనన్న సువార్త ఘట్టం మనకు తెలిసినదే. మేలు పొంది మరచిపోవడం కొత్తగా పుట్టిన అలవాటు కాదు.

మనం ఇవ్వగల గౌరవం

బిరుదులు ఇవ్వడం ప్రభుత్వాల పని. మన చేతిలో ఉన్న గౌరవం వేరే ఉంది. ఒక మనిషి ఇల్లు, భార్య, సొంత దేశం విడిచి వెతికిన మందు, అది చేరవలసిన ఒంటికి చేరాలి. అది గూట్లో మిగిలిపోతే తపాలా బిళ్ళ ఎన్ని వేసినా ఆయన శ్రమకు ఫలం లేనట్టే.

అందుచేత మాత్రలు పంచినప్పుడు ఏదైనా తిని, పరగడుపున కాకుండా, ఆరోగ్య కార్యకర్త ఎదుటే మింగండి. ఆ రోజు కాస్త జ్వరం, తలనొప్పి, వికారం రావచ్చు. ఒంట్లో చచ్చే పురుగుల వలన అలా జరుగుతుంది. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్ళాలి. రెండేళ్ళలోపు పిల్లలు, గర్భిణులు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారు ఈ మాత్ర వేసుకోరాదు. మన ఉద్దానంలో మరో జాగ్రత్త అవసరం. కిడ్నీ జబ్బు ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పి, వైద్యుడి సలహా మీదనే ఏ మందైనా తీసుకోవాలి.

ఇంట్లో ఇప్పటికే కాలు వాచినవారుంటే, వారిని మూలన కూర్చోబెట్టకండి. రోజూ సబ్బుతో కాలు కడిగి, వేళ్ళ సందులు తడిలేకుండా తుడిచి, పుండ్లకు మందు రాసి, కూర్చున్నప్పుడు కాలు ఎత్తులో ఉంచితే జ్వరాలు తరచుగా రాకుండా ఉంటాయి. ఇంటి వెనుక మురుగు నిలవకుండా చూడటం కూడా ఈ చికిత్సలో భాగమే.

చివరగా పిల్లల సంగతి. ఉద్దానంలో 1990ల నుంచి కనిపిస్తున్న కిడ్నీ జబ్బుకు ఖచ్చితమైన మూలకారణం ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. సోదరుల మరణం చూసి ఒక భీమవరం కుర్రవాడు పరిశోధకుడయ్యాడు. తండ్రి డయాలసిస్‌కు వెళ్ళిరావడం చూస్తూ పెరిగే కవిటి బిడ్డ, మందస బిడ్డ రేపు ఆ కారణం కనిపెట్టకూడదా? పరీక్ష తప్పిన పిల్లవాడిని "నీకు చదువు రాదు" అని కసరుకునే ముందు, మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పిన సుబ్బారావు గారిని, ఆయన్ని మళ్ళీ బడికి పంపిన తల్లిని ఒక్కసారి తలచుకుందాం.

కుటుంబంలో కలిసి ఆలోచించడానికి

1. మన ఇంట్లో ప్రస్తుతం ఉన్న మందులలో సుబ్బారావు గారి బృందం నుంచి వచ్చినవి ఏవి? బడిలో ఇచ్చే నీలిరంగు మాత్రను పిల్లలు నిజంగా మింగుతున్నారా?

2. కిందటిసారి పంచిన బోదకాలు మాత్రలు ఏమయ్యాయి? పారవేసి ఉంటే, ఎందువలన? భయమా, నిర్లక్ష్యమా?

3. మన వీధిలో వాచిన కాలితో ఇల్లు కదలలేనివారు ఎవరు? ఈ వారం వారిని పలకరించడానికి మనలో ఎవరు వెళతారు?